పిడుగూ చెమ్మా

పల్నాటి ఇళ్లలో వంటింటి అలమర పై అర చూస్తే ఆ ఇంటి ఏడాది అంతా అక్కడే కనిపిస్తుంది. మూతికి వాసెన కట్టిన పింగాణీ జాడీ, పక్కన చింతపండు కుండ, కారం డబ్బా, పసుపు డబ్బా. వాటి సరసన ఇప్పుడు చాలా ఇళ్లలో ఇంకొకటి వచ్చి చేరింది. ఒకప్పుడు మిఠాయి వచ్చిన ప్లాస్టిక్ డబ్బా అది. దాన్నిండా మాత్రల అట్టలు, నాలుగు మడతలు పెట్టిన మందుల చీటీ, రబ్బరు బ్యాండు వేసిన బిల్లులు. ఆ డబ్బా బరువెక్కేకొద్దీ జాడీ మీద మాటలు మొదలవుతాయి. నెలనెలా మందులకే ఇంత పోతుంటే రెండు రోజులు కూర్చుని పండుమిరప కొరివికారం తొక్కుకోవడం ఇప్పుడు అవసరమా, అంత కావాలంటే కొట్లో సీసా దొరకదా అని. ఆ మాట అనేవాళ్లు పరాయివాళ్లు కారు, ఆ ఇంటి మంచి కోరేవాళ్లే. ఓపిక తక్కువైన ఇంట్లో ఓపికతో చేసే పనులు ముందు మానుకోమనడం సహజం కూడా. అయినా ఆ సలహా తప్పని నా అభిప్రాయం. జబ్బు ఖర్చు మోస్తున్న ఇల్లు మానుకోవలసిన పనుల్లో జాడీ పెట్టడం అన్నిటికంటే చివరిది. మందుల డబ్బాను ఏడాది పొడవునా ఎలా నెట్టుకురావాలో తెలిసిన వస్తువు ఆ అరమీద ఏదైనా ఉందంటే అది జాడీయే. వినడానికి వింతగా ఉండే మాట గనుక కొంచెం నిదానంగా చెప్పాలి.

పల్నాటిలో సున్నపుబట్టీల ఊరు పిడుగురాళ్ల పేరులోనే పిడుగు ఉంది. జబ్బు ఖర్చు అనగానే మన మనసులో మెదిలేదీ పిడుగే. అర్ధరాత్రి గుండెల్లో నొప్పి, హైదరాబాదు రోడ్డు మీద ప్రమాదం, మిరపచేలో మందు కొడుతూ కళ్లు తిరిగి పడిపోవడం. ఆ పూట అంబులెన్సు నరసరావుపేటకో, అక్కడ కాదంటే గుంటూరుకో పరుగెడుతుంది. ప్రభుత్వ పెద్దాసుపత్రా, కొత్తపేట ప్రైవేటు ఆసుపత్రులా అన్నది దారిలో తేల్చుకుంటారు. తెలుగునాట ప్రభుత్వాలు ఈ పిడుగును చూశాయి, దాన్ని నేలలోకి దించే రాగికమ్మీ కూడా నాటాయి. 2005లో 108 అంబులెన్సు రోడ్డెక్కింది. 2007 ఏప్రిల్ 1న వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీ మొదలుపెట్టి, కుటుంబానికి ఏడాదికి 2 లక్షల రూపాయల దాకా పెద్ద వైద్యం ఖర్చు తాను భరిస్తానంది. ఆ తర్వాత ప్రభుత్వం మారినప్పుడల్లా పథకం పేరు ఎన్టీఆర్ వైద్యసేవగా, మళ్లీ ఆరోగ్యశ్రీగా, 2024లో మళ్లీ ఎన్టీఆర్ వైద్యసేవగా మారుతూ వచ్చినా పరిమితి మాత్రం పెరుగుతూనే పోయింది. 2023 డిసెంబరులో అది 25 లక్షలకు చేరింది. 2018 సెప్టెంబరులో కేంద్రం తెచ్చిన ఆయుష్మాన్ భారత్‌ది కూడా ఇదే బాట. కార్డు చేతపట్టుకుని వెళ్లి గుండె ఆపరేషన్ చేయించుకుని, పొలం అమ్ముకోకుండా తిరిగొచ్చినవాళ్లు పల్నాడులో ఎందరో ఉన్నారు. ఇది చిన్న సంగతి కాదు. ఈ పథకాలను తక్కువ చేసి మాట్లాడే హక్కు ఎవరికీ లేదని నేను గట్టిగా నమ్ముతాను.

కానీ ఇళ్లు పిడుగు పడి మాత్రమే కూలవు. సున్నపుబట్టీల ఊరికి ఈ సంగతి వేరే చెప్పనక్కర్లేదు. సున్నపురాయిని బట్టీలో 900 డిగ్రీల వేడికి కాలిస్తే నూరు కిలోల మేలిమి రాయికి 56 కిలోల సున్నం మిగులుతుంది, తక్కిన 44 కిలోలూ బొగ్గుపులుసు వాయువుగా గాలిలో కలుస్తాయి. బట్టీలోంచి తీసిన సున్నం గడ్డ చూడ్డానికి రాయిలాగే గట్టిగా ఉంటుంది. దానిమీద ఎవరూ సుత్తి వేయనక్కర్లేదు, నీళ్లు పోయనక్కర్లేదు. మూట కట్టకుండా వదిలేస్తే గాలిలోని చెమ్మను తనంతట తాను లాక్కుంటూ, ఉబ్బి, బీటలిచ్చి, కొద్ది రోజుల్లో ముట్టుకుంటే రాలే పొడి అయిపోతుంది. బీపీ మాత్ర, షుగరు మాత్ర, థైరాయిడ్ మాత్ర, ఆయాసానికి ఇన్‌హేలరు, మూణ్ణెల్లకొకసారి రక్తపరీక్ష, పోనురాను బస్సు ఛార్జీలు, తోడు వెళ్లినవాళ్లకు పోయిన కూలి ఇలాంటి చెమ్మే. ఇందులో ఏ ఒక్కటీ వార్త కాదు. ఏ ఒక్కదానికీ ఆసుపత్రిలో పడుకోనక్కర్లేదు గనుక బీమా పథకం తలుపు దాదాపుగా తెరుచుకోదు. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో జరిగిన పెద్ద సర్వే ఫలితాలు 2023లో వచ్చాయి. దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహం ఉందని, పెద్దవాళ్లలో నూటికి 35 మందికి పైగా రక్తపోటు ఉందని అది తేల్చింది. అంటే ఈ చెమ్మ ఎక్కడో ఒక ఇంటి గోడకు పట్టింది కాదు, వీధి వీధికీ పట్టినది.

లెక్క వేసి చూద్దాం. ఒక ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్ల మందులకు నెలకు 1,500 రూపాయలు అనుకుందాం. ఏడాదికి 18,000, పదేళ్లకు 1,80,000. ఆరోగ్యశ్రీ మొదలైన రోజున ఒక కుటుంబానికి పెద్ద జబ్బుకు పెట్టిన పరిమితికి ఇది ఇంచుమించు సమానం. పిడుగు పదేళ్లలో పడవచ్చు, పడకపోవచ్చు. చెమ్మ మాత్రం తేదీ తప్పకుండా వస్తుంది. దేశం మొత్తం వైద్యం మీద పెట్టే ప్రతి 100 రూపాయల్లో జనం నేరుగా తమ జేబులోంచి తీసేది 2013–14లో 64 రూపాయలు. 2021–22 నాటికి అది 39కి తగ్గిందని ప్రభుత్వ లెక్కలే చెబుతున్నాయి. తగ్గినందుకు సంతోషించాలి. అయితే ఆసుపత్రిలో చేరని జబ్బుల విషయంలో జేబులోంచి పోయే డబ్బులో ఎక్కువ భాగం మందులదేనని కూడా గుర్తుపెట్టుకోవాలి. అనిరుధ్ కృష్ణ అనే పరిశోధకుడు ఆంధ్రప్రదేశ్‌లోని 36 గ్రామాల్లో ఏ ఇళ్లు పేదరికంలోంచి బయటపడ్డాయి, ఏవి అందులోకి జారాయి అని ఇల్లిల్లూ ఆరా తీసి 2006లో ప్రచురించారు. జారిపోయిన ఇళ్లలో అన్నిటికంటే ఎక్కువగా వినిపించిన కారణం జబ్బు, దాని ఖర్చు. ఆయన పరిశోధనల్లో నాకు ముఖ్యమనిపించిన విషయం మరొకటి ఉంది. చాలా ఇళ్లు ఒక్క దెబ్బకు పడలేదు. ఒకదాని వెనక ఒకటిగా వచ్చిన మామూలు ఖర్చులు, వాటికి తెచ్చిన అధిక వడ్డీ అప్పులు కలిసి మెల్లగా లాగేశాయి. సున్నం గడ్డ పొడి అయ్యేదీ సరిగ్గా అలాగే.

ఈ చెమ్మ డబ్బు కంటే ముందు ఇంకొకదాన్ని తినేస్తుంది. రేపటి గురించి ఆలోచించే అలవాటును తినేస్తుంది. మందుల చీటీ ముప్పై రోజులకు రాస్తారు, చేతిలో డబ్బు పది రోజులకే ఉంటుంది, షాపులో పది రోజుల మాత్రలే కత్తిరించి ఇస్తారు. కత్తిరించిన ఆ అట్టముక్కను దగ్గరగా చూడండి. మందు పేరు సగం దగ్గర తెగిపోయి ఉంటుంది, గడువు తేదీ రెండో ముక్కతో పోయి ఉంటుంది. పది రోజుల్లో ఇంకోసారి షాపు, ఇంకోసారి వెతుకులాట. మధ్యలో రెండు రోజులు మాత్ర తప్పుతుంది, తప్పినా ఏమీ కాలేదనిపిస్తుంది. ఆ ఇంట్లో కాలం పది రోజుల ముక్కలుగా తెగిపోయి, వచ్చే సంక్రాంతికో ఉగాదికో చేయబోయే పని గురించి మాట్లాడేవాళ్లే ఉండరు. జబ్బు ఉన్న ఇంటికి ముందుచూపు ఎక్కువ కావాలి. జబ్బు వచ్చాక అందరికంటే ముందు పోయేదీ అదే. సరిగ్గా ఇక్కడే నాకు జాడీ కనిపిస్తుంది.

పత్తి, మిరప పండే ఈ నేలలో డబ్బు రాక ఏడాదికి ఒకటి రెండు సార్లే. పత్తి తీతలు దసరా, దీపావళి రోజుల్లో మొదలవుతాయి. మిర్చి కోతలు సంక్రాంతి దాటాక జోరందుకుని, ఎండాకాలం దాకా గుంటూరు యార్డుకు టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, వెళుతూనే ఉంటాయి. ఖర్చు మాత్రం పన్నెండు నెలలూ ఉంటుంది. ఏడాదికొకసారి వచ్చేదాన్ని రోజూ తినడానికి సరిపెట్టడం ఎలా అన్న చిక్కుముడిని మన వంటిళ్లు ఎప్పుడో విప్పాయి. మిరపకాయ మన నేలకు పోర్చుగీసువాళ్ల ఓడల వెంట వచ్చిన పంట, నాలుగైదు వందల ఏళ్ల నాటిది మాత్రమే. నిలవచేసే విద్య అంతకంటే పాతది, కొత్త కాయ రాగానే దాన్ని కూడా తనలో కలిపేసుకుంది. మాఘ ఫాల్గుణాల్లో పండుమిరప కొరివికారం అవుతుంది, ఎండుకాయ కారం అవుతుంది, కొత్త చింతపండు గింజ తీసి ముద్ద కడతారు, కంది విసిరి పప్పు చేస్తారు, ఎండలు ముదిరాక మామిడికాయ ఆవకాయ అవుతుంది. దీన్ని ఏడాది సరుకు అంటాం. రైతు మిర్చిని కోల్డ్ స్టోరేజీలో పెట్టి ధర కోసం చూడటం కూడా ఈ విద్యలో ఒక శాఖే. పంట చేతికొచ్చిన నాడు పన్నెండు నెలల్నీ తలుచుకునే మనసు దీని వెనక ఉంది. మందుల ఖర్చు అడిగేది కూడా అచ్చంగా ఆ మనసునే.

కొరివికారం పెట్టే తీరు చూస్తే ఈ మాట అర్థమవుతుంది. తొడిమ తీయకముందే పండుకాయలు కడగాలి. తొడిమ తీశాక కడిగితే నీరు కాయ లోపలికి దిగుతుంది. కడిగిన కాయల్ని బట్టతో ఒక్కొక్కటిగా తుడిచి నీడలో ఆరబెట్టాలి. కిలో కాయలకు పావుకిలో చింతపండు, పావుకిలో ఉప్పు, కొంచెం పసుపు. రోట్లో కచ్చాపచ్చాగా తొక్కి జాడీకెత్తి, నొక్కి, వాసెన కట్టి పెడితే ఉప్పు కాయలోని నీటిని బయటికి లాగుతుంది, చింతపండు ఆ ఊటను తాగి నానుతుంది. మూడోనాడు తీసి మళ్లీ మెత్తగా తొక్కి మెంతిపొడి కలుపుతారు. ఉప్పూ పులుపూ సరిపోయినచోట బూజు బతకలేదు. ఏది తగ్గినా బతుకుతుంది. చేతుల మంట నీళ్లతో కడిగితే తగ్గదు, నూనె రాస్తే తగ్గుతుంది, ఎందుకంటే ఆ కారపు గుణం నీటిలో కరగదు, నూనెలో కరుగుతుంది. ఇంత చేశాక అసలు పాఠం మొదలవుతుంది. పెద్ద జాడీని రోజూ తెరవరు. నెలకో పదిహేను రోజులకో ఒకసారి, తడిలేని చేత్తో, పొడి గరిటెతో చిన్న జాడీలోకి కావలసినంత తీసుకుని, పైభాగం చదునుచేసి, మళ్లీ వాసెన కడతారు. రోజువారీ వాడకం, తాలింపు, పిల్లల చేతులు, అన్నం మెతుకులు అన్నీ చిన్న జాడీతోనే. చిన్న జాడీలో బూజు పడితే నష్టం పదిహేను రోజులది, పెద్ద జాడీకి తడి తగిలితే ఏడాదిది.

ఇంటి పద్దులో ఈ రెండు జాడీల పద్ధతి ఉంటే ఏమవుతుందో చూడండి. నెలకు 1,500 చొప్పున మందులకు అప్పు తెస్తూ, నూటికి రెండు రూపాయల నెలవడ్డీతో మిర్చి అమ్మిన నాడు తీరుద్దామనుకున్న ఇల్లు, మొదటి నెల అప్పుకు పన్నెండు నెలల వడ్డీ, చివరి నెల అప్పుకు ఒక నెల వడ్డీ కడుతుంది. కూడితే 2,340 రూపాయలు. అంటే నెలన్నర మందులు వడ్డీకే పోయాయి. అదే ఇల్లు యార్డు డబ్బు చేతికొచ్చిన నాడు 18,000 విడిగా తీసి పొదుపు సంఘంలోనో పోస్టాఫీసులోనో వేసి, దాన్ని పెద్ద జాడీ అనుకుని నెలకొకసారి మాత్రమే తెరిస్తే ఆ వడ్డీ మిగలడమే కాదు, ముప్పై రోజుల మాత్రలు ఒకేసారి, అట్ట తెగకుండా, గడువు తేదీతో సహా ఇంటికి వస్తాయి. పెళ్లి పిలుపులకూ పండగ బట్టలకూ ఆ డబ్బును ముట్టుకోవడమంటే తడిచెయ్యి పెట్టడమే. ఇది ఎవరో ఆర్థికవేత్త వచ్చి నేర్పవలసిన విషయం కాదు, వాసెన కట్టిన ప్రతి చేతికీ తెలుసు. ఆ తెలివిని పచ్చడి దగ్గరే ఆపేసి మందుల డబ్బా దాకా రానివ్వకపోవడమే మనం చేస్తున్న పొరపాటు. ఇక పచ్చడే మానేస్తే ఆ తెలివి నిలవడానికి ఇంట్లో చోటే ఉండదు.

ఈ విద్య మనకొక్కరికే ఉందని అనను. అమెరికాలో ఇళ్లలో వెనిలా సారం తయారుచేసుకుంటారు, అక్కడ స్థిరపడ్డ మన పిల్లలకు కూడా ఇది కొత్త కాదు. వెనిలా అంటే మెక్సికోలో పుట్టిన ఒక ఆర్కిడ్ తీగ కాయ. దాని పువ్వు విచ్చేది ఒక్క రోజే. ఆ ఒక్కరోజులో చేత్తో పరాగం అద్దే కిటుకును 1841లో రీయూనియన్ దీవిలో ఎడ్మండ్ ఆల్బియస్ అనే పన్నెండేళ్ల బానిస కుర్రవాడు కనిపెట్టాడు. పచ్చికాయకు వాసన ఉండదు. వేడినీళ్లలో కాసేపు ముంచి, నెలల తరబడి చెమర్చి, ఆరబెడితేనే వస్తుంది. అలా ఆరిన కాయను నిలువునా చీల్చి, గాజుసీసాలో ఘాటైన సారాయిలో ముంచి, మూత బిగించి, వెలుతురు తగలని చోట నెలల పాటు వదిలేస్తారు. సారాయి వాసనను లాగుతుంది, మన జాడీలో ఉప్పు ఊటను లాగినట్టే. 1874లో టీమన్, హార్మన్ అనే జర్మన్ రసాయనవేత్తలు పైన్ చెట్టు నుంచి ఆ వాసన పదార్థాన్ని తయారుచేశాక చౌక ఎసెన్సు ప్రపంచమంతా నిండింది. అయినా ఇళ్లలో సీసాలు పెట్టుకోవడం ఆగలేదు. ఇక అదే అమెరికాలో వైద్యం బిల్లులు మనవాటికంటే భయంకరమైనవి. అక్కడి చట్టం 2003లో ఒక పని చేసింది. మొదటి ఖర్చులో పెద్ద మొత్తం తామే భరించాల్సిన బీమా తీసుకున్నవాళ్లు పన్ను పడకముందే జీతంలోంచి కొంత తీసి, వైద్యానికి మాత్రమే వాడుకునేలా విడి ఖాతాలో వేసుకోవచ్చని వీలు కల్పించింది. హెల్త్ సేవింగ్స్ అకౌంట్ అంటారు. వైద్యం కాని ఖర్చుకు తీస్తే మామూలుగా పన్ను, జరిమానా రెండూ పడతాయి. వాసెన కట్టిన పెద్ద జాడీకి ఇంతకంటే దగ్గరి పోలిక నాకు కనిపించలేదు. మిగులు ఉన్నవాళ్లకే అది ఉపయోగమన్న విమర్శ అక్కడా ఉంది, అది నిజం కూడా.

నిజమే, మిగులు లేనివాళ్ల మాటేమిటి? కౌలు రైతుకు పంట డబ్బు చేతికి రాకముందే పురుగుమందుల కొట్టు, ఎరువుల కొట్టు, కౌలు వాటా కలిసి పట్టుకుపోతాయి. బట్టీలో రాయి మోసే కూలీకి వచ్చేది వారం కూలి, పైగా ఆ సున్నపు దుమ్ము కళ్లనూ ఊపిరినీ ఒరుసుకుపోతుంది గనుక జబ్బు కూడా అతనికే ముందు. 18,000 పక్కన పెట్టమని ఈ ఇళ్లకు చెప్పడం క్రూరత్వం. నేను చెప్పేది వాళ్లకు అక్షరాలా వర్తించదు, ఒప్పుకుంటాను. వాళ్ల పెద్ద జాడీని ప్రభుత్వమే పెట్టాలి. ఆ దిశగా పడిన అడుగులు మన జిల్లాలోనే ఉన్నాయి. 2023 ఏప్రిల్ 6న పల్నాడు జిల్లా లింగంగుంట్లలో అప్పటి ముఖ్యమంత్రి జగన్‌మోహన్‌రెడ్డి ఫ్యామిలీ డాక్టర్ విధానాన్ని ప్రారంభించారు. డాక్టరు నెలకు రెండుసార్లు ఊళ్లోకే వచ్చి బీపీ, షుగరు చూసి మందులివ్వాలన్నది దాని ఉద్దేశం. పిడుగు కోసం కాక చెమ్మ కోసం ఆలోచించిన పథకం అది, అందుకే నాకు దానిమీద గౌరవం. 2008లో మొదలైన జన ఔషధి దుకాణాలదీ అదే దారి. కంపెనీ పేరు లేకుండా మందు పేరుతోనే అమ్మడం వల్ల అక్కడ చాలా మాత్రలు బయటి ధరలో సగానికంటే తక్కువకు వస్తాయి. 1,500 బిల్లు 700కి దిగితే అది ఏ పొదుపు కంటే గొప్ప పొదుపు. చీటీలో రాసిన మందు, జెనరిక్ మందు ఒకటేనా అని డాక్టర్ని అడగడానికి మొహమాటపడే ఇళ్లు ఇంకా ఉన్నాయి. మిర్చి యార్డులో ధర కోసం గంటలు వాదించే మనం మందుల చీటీ ముందు నోరు మెదపకపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

జాడీని ఇలా పొగిడితే ప్రభుత్వం తన పని తప్పించుకోవడానికి సాకు దొరుకుతుందని ఒక అభ్యంతరం. ఆ ప్రమాదం నాకు తెలుసు. అయితే ముందుచూపు పోయిన ఇల్లు ఏ పథకాన్నీ నిలదీయలేదు. మందులు నెలనెలా అందాయా, ఏ నెల ఆగాయి, ఎన్ని రోజులు బయట కొనాల్సి వచ్చింది అన్నది రాసి పెట్టుకున్న మనిషే ఊరి సచివాలయంలోనూ ఆరోగ్య కేంద్రంలోనూ గట్టిగా అడగగలదు. పద్దు ఉన్న ఇంటి ఫిర్యాదుకే బరువు ఉంటుంది.

ఉప్పు మాట ఎత్తకుండా ఈ వ్యాసం నిజాయితీగా ఉండదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు తినమంటుంది. పైన చెప్పిన కొలతలో కలిసిన పచ్చడిలో సుమారు ఆరో వంతు ఉప్పే. 12 గ్రాముల చెంచాడు వేసుకుంటే 2 గ్రాముల ఉప్పు, రెండు చెంచాలంటే రోజు వాటా ఇంచుమించు అయిపోయినట్టే. మరి రక్తపోటు ఉన్న ఇంట్లో కొరివికారం జాడీని మెచ్చుకోవడం ఎలా? ఇంట్లో పెట్టినది గనుకనే పై లెక్క వేయగలిగాం అన్నది నా జవాబు. ఎంత ఉప్పు పోశారో పోసిన చేతికి తెలుసు. బీపీ ఉన్న మనిషికి చిన్న జాడీలోంచి అర చెంచా కొలిచి వడ్డించవచ్చు, మిగతా వంటల్లో ఉప్పు తగ్గించవచ్చు. మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లకు డాక్టరు వద్దంటే అర చెంచా కూడా వద్దు, ఆ కంచంలోకి జాడీ రాకూడదు. ఉప్పు తగ్గిస్తే జాడీ నిలవదు గనుక తగ్గించవలసింది జాడీలో కాదు, విస్తట్లో. నిలవచేసే వస్తువు నిలవచేయడానికి, తినే కొలత తినేవాళ్ల ఒంటికి.

ఇంతకంటే బరువైన అభ్యంతరం ఆడవాళ్ల శ్రమది. కాయలు తుడిచేదీ, తొక్కేదీ, మంట పుట్టిన చేతులతో పడుకునేదీ వాళ్లే. జబ్బుమనిషికి మాత్ర వేళకు ఇచ్చేదీ, ఆసుపత్రిలో వరుసలో నిలబడేదీ చాలా ఇళ్లలో వాళ్లే. జాడీని మెచ్చుకునే మాట వాళ్ల నెత్తిన ఇంకో రోకలి పెట్టేదైతే ఆ మాట వెనక్కి తీసుకుంటాను. నేను అడిగేది వేరు. ఇన్నేళ్లుగా ఏడాది సరుకు లెక్క నడిపినది వాళ్ల బుర్ర. కిలో కాయలకు ఎంత చింతపండు, ఇంటిల్లిపాదికి ఏడాదికి ఎంత కారం, ఏ నెలలో ఏది చౌక అన్నది కాగితం లేకుండా చెప్పగలిగిన మనిషిని మందుల పద్దు దగ్గరికి రానివ్వక, బిల్లులు జేబులో పెట్టుకు తిరిగే ఇళ్లు చాలా ఉన్నాయి. తొక్కే పని ఇంట్లో అందరూ పంచుకోవాలి, అది ఎవరి చేతనైనా అవుతుంది. లెక్క మాత్రం తెలిసినవాళ్ల చేతికి ఇవ్వాలి. మిర్చి అమ్మిన డబ్బులో మందుల వాటా వాళ్ల పేరున ఉన్న సంఘం పుస్తకంలో పడాలి.

జాడీ విద్య మందులకు వర్తించని చోటు కూడా ఉంది. పచ్చడిలా ఏడాది మాత్రలు ఒకేసారి కొని పెట్టుకోకూడదు. మోతాదు మారుతుంది, గడువు దాటుతుంది. డబ్బు ఏడాదిదైనా మందు నెలదే ఉండాలి, స్థిరపడిన మోతాదైతే డాక్టరు ఒప్పుకున్నంత వరకు రెండు మూడు నెలలది. ఇన్సులిన్ అయితే మరీ సుకుమారం. వేసవిలో రెంటచింతల ఎండ గురించి ఆంధ్రదేశమంతా చెప్పుకునే ఈ ప్రాంతంలో, ఫ్రిజ్ లేని ఇంట్లో దాన్ని కాపాడేది తడిగుడ్డ చుట్టిన మట్టికుండే. చల్లదనాన్ని కుండలో పట్టి ఉంచడం మన వంటింటికి కొత్తగా నేర్పనక్కర్లేదు. పోలిక మళ్లీ కుదిరే చోటూ ఒకటి ఉంది. షుగరు ఉన్నవాళ్లకు చేసే హెచ్‌బీఏ1సీ పరీక్ష నాకు జాడీ మూత విప్పి చూడటంలాగే అనిపిస్తుంది. ఎర్ర రక్తకణం సుమారు 120 రోజులు బతుకుతుంది. ఆ రోజులన్నిటా రక్తంలో ఎంత చక్కెర తిరిగిందో తన ఒంటిమీద పట్టి ఉంచుకుంటుంది. పరీక్షకు ముందురోజు ఒక్కపూట పస్తుంటే అది మోసపోదు. గడిచిన రెండు మూడు నెలలు ఎలా గడిచాయో అదే చెబుతుంది. మాఘమాసంలో వాసెన కట్టిన రోజును పాల లెక్క రాసే క్యాలెండరు మీద రాసుకునే అలవాటు కొన్ని ఇళ్లలో ఉంది. అదే గడిలో ఆ రోజు తీయించిన రక్తపరీక్ష అంకె, మళ్లీ ఎప్పుడు తీయించాలో ఆ తేదీ, మిర్చి డబ్బులోంచి సంఘం పుస్తకంలో వేసిన మొత్తం రాయడానికి చోటు సరిపోతుంది.